ప్రాసెసర్ మార్చే ముందు హిసాబ్ చూసుకుందాం

మన ఇళ్లల్లో పాత డెస్క్‌టాప్ అంటే మూలన గుడ్డ కప్పి పెట్టిన సామాను. అబ్బా కొన్నది, పెద్ద భాయీ చదువు అయ్యేదాకా వాడింది. ఇప్పుడు ఆన్ చేస్తే చాయ్ తాగి వచ్చేదాకా లేవదు. దుకాణానికి తీసుకెళ్తే ఒకటే జవాబు: "ఇది పనికిరాదు, కొత్తది తీసుకోండి. కిస్తీల మీద ఇప్పిస్తాం." ఈ జవాబు మీద నాకు ఎత్రాజ్ ఉంది. చాలా ఇళ్లల్లో ఆ డబ్బాకి ఇంకా జాన్ ఉంది.

అలాగని "ప్రాసెసర్ మార్చేస్తే చాలు, రాకెట్‌లా పోతుంది" అనే నౌజవాన్ల మాట కూడా పూరా సహీ కాదు. దుకాణదారుది తిజారత్, కుర్రాళ్లది షౌక్. ఇంటి పైసా మాత్రం జరూరత్ చూసి ఖర్చు పెట్టాలి.

నబ్జ్ చూడకుండా దవా ఇచ్చే హకీమ్ దగ్గరికి మనం పోం కదా. కంప్యూటర్‌కీ నబ్జ్ ఉంది. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ అనే చోట చూస్తూ, మీకు ఏ పని నెమ్మదిగా ఉందో ఆ పనే చేయండి. డిస్క్ నూటికి నూరు దగ్గర కూర్చుంటే కసూర్ పాత హార్డ్ డిస్క్‌ది. మెమరీ నిండిపోతే ర్యామ్ చాలట్లేదు. ఈ రెండూ ఖాళీగా ఉండి సీపీయూ ఒక్కటే నూరు దగ్గర నిలిచిపోతే, అప్పుడే ప్రాసెసర్ సంగతి ఆలోచించాలి. అందుకే నా మష్వరా: మొదట ఎస్ఎస్‌డీ, తర్వాత 8 జీబీ ర్యామ్, ఆఖర్న ప్రాసెసర్. చాలామందికి మొదటి రెండింటితోనే పని అయిపోతుంది.

ఇక ప్రాసెసరే మార్చాలనుకుంటే ఒక మిసాల్ చెబుతాను. 2011 నాటి కోర్ ఐ3-2120 ఉన్న హెచ్61 బోర్డు తీసుకోండి. దాని సాకెట్ ఎల్‌జీఏ 1155. ఆ ఐ3లో కోర్లు రెండే. అదే సాకెట్‌లో 2012 నాటి ఐ5-3470 కూర్చుంటుంది, దానికి నాలుగు కోర్లు. ఐ7-3770కి నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. ఇవి ఇప్పుడు కొత్తవి తయారు కావు, వాడినవే దొరుకుతాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనోయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట నాలుగు దుకాణాలు అడిగి, బోర్డులో పెట్టి నడిపించి చూపిస్తేనే సౌదా చేయండి.

సాకెట్ కలిసిందంటే అంతా కలిసినట్టు కాదు. పాత బయోస్ ఉన్న హెచ్61 బోర్డు 2012 ప్రాసెసర్‌ని గుర్తుపట్టకపోవచ్చు. పాతది తీయకముందే బయోస్ అప్‌డేట్ చేసుకోవాలి, తీశాక చేద్దామంటే మెషీన్ లేవదు. 2015 నాటి హెచ్110 బోర్డుదీ, 2017లో వచ్చిన ఐ5-8400దీ పేరుకి ఒకటే సాకెట్, 1151. అయినా ఆ బోర్డుమీద అది నడవదు. కాబట్టి బోర్డు కంపెనీ వెబ్‌సైట్‌లో ఏ ప్రాసెసర్లు నడుస్తాయో లిస్టు చూడకుండా పైసా ఇవ్వొద్దు. బిగించేటప్పుడు ఎహ్తియాత్ జరూరీ: ఈ ఇంటెల్ సాకెట్లలో సన్నటి పిన్నులు బోర్డు మీదే ఉంటాయి. ఒక్కటి వంగినా బోర్డే పోవచ్చు. థర్మల్ పేస్ట్ కొత్తగా రాయాలి. అన్నిటికంటే ముందు ఫోటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు వేరేచోట కాపీ పెట్టుకోవాలి.

ఒక సవాల్ న్యాయమైనదే: విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. విండోస్ 11 లిస్టులో ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాతవి దాదాపు లేవు. ఎల్‌జీఏ 1155లో ఐ7 పెట్టినా ఆ గీత దాటలేం. మరి ఖర్చెందుకు? జవాబు ఏమిటంటే, అలాంటి మెషీన్ మీద లినక్స్ మింట్ ముఫ్త్‌గా వేసుకోవచ్చు. తెలుగు, ఉర్దూ రెండూ టైప్ చేసుకోవచ్చు. ట్యాలీ లాంటి విండోస్ సాఫ్ట్‌వేరే కావాల్సినవాళ్లు మాత్రం ఈ పాత బోర్డు మీద ప్రాసెసర్‌కి పైసా పెట్టొద్దు, ఆ పైసా కొత్తదానికి దాచుకోండి. సపోర్ట్ లేని విండోస్‌లో బ్యాంకు పనులు చేయకపోవడమే మేలు.

నేను ఇంత పట్టుబట్టడానికి అసలు వజహ్ వేరే. ఫోన్ ఒకరి జేబులో ఉంటుంది, మన ఇళ్లల్లో అది ఎక్కువగా బేటా జేబు. డెస్క్‌టాప్ హాల్లో ఉంటుంది, బేటీకీ వంతు వస్తుంది. ఫోన్లో పాఠం వినొచ్చు గానీ స్ప్రెడ్‌షీట్ నేర్చుకోవడం, పైథాన్ రాయడం, పది పేజీల ప్రాజెక్ట్ టైప్ చేయడం కీబోర్డ్ ముందు కూర్చుంటేనే కుదురుతుంది. కొత్తది కొనే గుంజాయిష్ లేదని ఆ తాలీమ్‌ని వాయిదా వేయడం నుఖ్సాన్. కిస్తీలు కట్టలేక సతమతమవడమూ నుఖ్సానే.

కాబట్టి ఈ ఆదివారం ఆ గుడ్డ తీసి, దుమ్ము దులిపి, టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. బేటీని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. స్క్రూడ్రైవర్ ఆమె చేతికే ఇవ్వండి.