పాట సరే... పాడిందెవరు?

నలుగురు ఆడవాళ్లు కూర్చున్న చోట పాటల ప్రసక్తి వస్తే ఇక పొద్దే తెలియదు. ఒకరు మొదలుపెడితే ఇంకొకరు అందుకుంటారు. చరణం మరిచిపోతే మూడో ఆవిడ గుర్తుచేస్తుంది. ఇంత ఇష్టంగా పంచుకుంటాం కదా, ఆ పాటను మనం ఏమని చెప్పుకుంటామో ఎప్పుడైనా గమనించారా? ‘అది సావిత్రి పాట’, ‘అది జమున పాట’, ‘ఆ పాటలో వాణిశ్రీ చీర ఎంత బావుంటుందో’ అంటాం. తెర మీద పెదవి కదిపిన మనిషి గుర్తుంటుంది. ఆమె కట్టిన చీర రంగు కూడా గుర్తుంటుంది. ఆ పాటకు గొంతునిచ్చిన మనిషి పేరు మాత్రం చివర్లో వస్తుంది. ఒక్కోసారి అసలు రానే రాదు.

‘మిస్సమ్మ’నే (1955) తీసుకోండి. మన ఇళ్లలో ఎవరికి నచ్చదు ఆ సినిమా? అందులో సావిత్రికి పాడింది పి.లీల. జమునకు పాడింది పి.సుశీల. అక్కాచెల్లెళ్ల పాత్రల మధ్య ఉన్న తేడా మనకు అంత బాగా తెలిసిందంటే, అందులో సగం ఈ రెండు గొంతుల పుణ్యమే. ‘లవకుశ’ (1963) చూసి కళ్లు తుడుచుకోని తల్లి ఉంటుందా? ఆ సినిమాలో రాముడి కథను పాడిన కుశలవుల గొంతులు చిన్నపిల్లలవి కావు. అక్కడా పాడింది లీల, సుశీలే! ‘స్వాతికిరణం’లో గంగాధరం అనే పిల్లవాడు పాడుతుంటే మమ్ముట్టి పాత్రకు అసూయ పుడుతుంది. అంతటి అసూయ పుట్టించిన ఆ గొంతు వాణీ జయరాందని మీ ఇంట్లో పిల్లల్ని అడిగి చూడండి, ఎంతమందికి తెలుసో! ఆ పాటలకే ఆమెకు 1991 సంవత్సరానికి జాతీయ అవార్డు వచ్చింది. 2023లో ఆమె కన్నుమూసినప్పుడు ‘అయ్యో, ఆ పాట కూడా ఆవిడదేనా!’ అని నాతో అన్నవాళ్లు చాలామంది ఉన్నారు. మనిషి పోయిన రోజునా ఆ సంగతి తెలియాల్సింది?

ఇదేమీ ఇవాళ పుట్టిన అలవాటు కాదు. టాకీలు వచ్చిన కొత్తలో నటి పాట నటే పాడుకునేది. కాబట్టి ఈ సమస్యే లేదు. 1943లో వచ్చిన ‘భాగ్యలక్ష్మి’లో కమలా కొట్నీస్‌కి రావు బాలసరస్వతీదేవి తెర వెనక నుంచి పాడారు. తెలుగులో నేపథ్యగానం అప్పుడే మొదలైందని చెప్తారు. అక్కడి నుంచి ముఖం ఒకరిది, గొంతు ఇంకొకరిది అయింది. చప్పట్లేమో ముఖానికే వెళ్లాయి.

ఈ అన్యాయం చిన్నవాళ్లకే జరిగిందనుకోకండి. సాక్షాత్తూ లతా మంగేష్కర్‌కీ తప్పలేదు. 1949లో ‘మహల్’ అనే హిందీ సినిమా వచ్చింది. అందులో లత పాడిన పాట దేశమంతా మార్మోగింది. తీరా గ్రామఫోన్ రికార్డు మీద చూస్తే గాయని పేరు ‘కామిని’ అని ఉంది! కామిని అంటే ఎవరో కాదు, ఆ సినిమాలో మధుబాల వేసిన పాత్ర. లేని మనిషి పేరు వేశారు గానీ, పాడిన మనిషి పేరు వెయ్యలేదు. ఆ పాట పాడిందెవరో చెప్పమని రేడియోకి శ్రోతలు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. ఆ తర్వాతే లత పేరు బయటికొచ్చింది. ఆ ఉత్తరాలు రాసినవాళ్లు ఎవరు? మనలాంటి మామూలు శ్రోతలే. వాళ్లు ఊరుకుని ఉంటే ‘కామిని’ పేరే నిలిచిపోయేదేమో.

లత కూడా ఊరుకోలేదు. 1957లో ఫిలింఫేర్ వేడుకలో పాడమని పిలిస్తే నేను పాడనన్నారు. సంగీత దర్శకుడికి బహుమతి ఇస్తున్నారు, పాడినవాళ్లకు లేదేమని అడిగారు. 1959 నుంచి నేపథ్య గాయకులకూ బహుమతి మొదలైంది. మొదటిది ఆమెకే వచ్చింది. మన ప్రభుత్వం జాతీయ స్థాయిలో ఉత్తమ గాయనికి అవార్డు పెట్టింది 1968 చిత్రాలప్పుడు. దాన్ని మొట్టమొదట అందుకున్నది మన విజయనగరం ఆడపడుచు పి.సుశీల. అదీ ఒక తమిళ పాటకు! 2016లో ఆమె పేరు గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. ఆరు భాషల్లో 17,695 పాటలట. అన్ని పాటలు పాడిన మనిషిని కూడా మనం ‘ఫలానా హీరోయిన్ పాట’ అనే అంటున్నామంటే ఏమనుకోవాలి?

‘పాట బాగుంటే చాలదూ? పేరుతో పనేముంది?’ అంటారు కొందరు. చాలదు. పేరు లేకపోతే మర్యాద ఒక్కటే కాదు, కూడూ పోతుంది. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి, పాట రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు, పాడినవాళ్లకు రాయల్టీలో వాటా దక్కేలా చేశారు. 2013లో గాయనీ గాయకులు తమ హక్కుల కోసం ఒక సంఘం కూడా పెట్టుకున్నారు. చట్టం వచ్చినా, ఎవరు పాడారో తెలిస్తేనే కదా ఆ వాటా ఇంటికి చేరేది! మనం నెలంతా చాకిరీ చేసి, జీతాల పుస్తకంలో మన పేరు లేకపోతే ఊరుకుంటామా?

పేరు పోవడంతో ఇంకో నష్టం కూడా జరిగింది. ఆడవాళ్లు పాడటానికే గానీ బాణీ కట్టడానికి పనికిరారన్న మాట ఊరికే నిజమైపోయింది. భానుమతి నటి అని అందరికీ తెలుసు, గాయని అని చాలామందికి తెలుసు. ‘చక్రపాణి’కి (1954) సంగీతం కూడా ఆవిడదేనని ఎంతమందికి తెలుసు? సావిత్రి దర్శకత్వం వహించిన ‘చిన్నారి పాపలు’ (1968) సినిమాకు బాణీలు కట్టింది గాయని లీల. ‘తాజ్‌మహల్’ (1995) పాటలు ఆ రోజుల్లో ప్రతి పెళ్లిలోనూ మోగాయి. ఆ సంగీతం ఎం.ఎం.శ్రీలేఖది, అప్పటికి ఆమె ఇంకా చిన్నపిల్ల. ‘పెళ్లిచూపులు’ (2016), ‘అర్జున్ రెడ్డి’ (2017) పాటల్ని మన పిల్లలు కూనిరాగం తీస్తుంటారు కదా, వాటిలో శ్రేష్ఠ అనే అమ్మాయి రాసినవీ ఉన్నాయి. ఈ పేర్లు ఇంట్లో వినపడితేనే కదా, సంగీతం నేర్చుకుంటున్న మన అమ్మాయికి ‘నేనూ పాట రాయొచ్చు, బాణీ కట్టొచ్చు’ అనిపించేది!

సినిమా పాటల సంగతి అలా ఉంచండి. మనమంతా బళ్లో వరసగా నిలబడి పాడిన ‘మా తెలుగు తల్లికి మల్లెపూదండ’ ఉంది. రాసింది శంకరంబాడి సుందరాచారి అని కొందరైనా చెప్పగలరు. రికార్డు మీద పాడి ఇంటింటికీ చేర్చింది టంగుటూరి సూర్యకుమారి. ఆంధ్రకేసరి ప్రకాశం పంతులుగారి తమ్ముడి కూతురు. పన్నెండేళ్లకే ‘విప్రనారాయణ’ (1937) సినిమాలో నటించింది. స్వాతంత్ర్యోద్యమ సభల్లో పాడింది. 1961లో న్యూయార్కులో టాగూర్ నాటకంలో రాణి పాత్ర వేసి అక్కడి విమర్శకుల బహుమతి అందుకుంది. తర్వాత లండన్‌లో స్థిరపడి, అక్కడే కళాసంస్థ నడిపి, 2005లో కన్నుమూసింది. ఇంత జీవితం ఉన్న మనిషి! ఏళ్ల తరబడి రోజూ ఆ పాట పాడాం గానీ, ఒక్క రోజు కూడా ఆ పేరు మనకెవరూ చెప్పలేదు.

ఇక మన ఇళ్లలోకి వద్దాం. పేరంటాల పాటలు, మంగళహారతులు, దంపుళ్ల పాటలు, బతుకమ్మ పాటలు... వీటికి పేర్లెక్కడివి, అందరివీ కదా అంటారు. నిజమే, చాలావాటికి కర్త ఎవరో తెలియదు. కానీ తెలిసినవాటినీ మనం అదే గంపలో పడేస్తున్నాం. తిరుమలలో స్వామివారికి రాత్రి ఏకాంతసేవలో ఇచ్చే ముత్యాలహారతి తరిగొండ వెంగమాంబ పేరు మీద జరుగుతుంది. చిన్నతనంలోనే భర్త పోయినా లోకం మాటలకు లొంగక కావ్యాలు రాసిన మనిషి ఆవిడ. గుడి ఆమె పేరును నిలబెట్టింది కాబట్టి రెండు వందల ఏళ్లు దాటినా మనకు తెలిసింది. అలాగే జానపద గేయాల్ని రేడియో దాకా, కచేరీ వేదికల దాకా తెచ్చినవారిలో వింజమూరి అక్కచెల్లెళ్లు అనసూయ, సీత ఉన్నారు. 1920లో కాకినాడలో పుట్టి 2019లో హ్యూస్టన్‌లో కన్నుమూసిన అనసూయాదేవి ఆ పాటల్ని పుస్తకాలుగా కూడా వేశారు. లేకపోతే వాటిలో ఎన్ని పాటలు ఆ ముసలమ్మలతోనే పోయేవో!

మా అమ్మమ్మ దగ్గర అట్ట ఊడిపోయిన ఒక పాటల నోటుబుక్కు ఉండేది. నూట ఇరవై దాకా పాటలు ఉంటాయందులో. ప్రతి పాట కింద చిన్న అక్షరాలతో ఒక ముక్క రాసుకుంది. ‘రాజమండ్రి పిన్ని చెప్పినది’, ‘ఎదురింటి మాస్టారి భార్య దగ్గర నేర్చుకున్నాను, శ్రావణ శుక్రవారం’... ఇలాగ. అమ్మమ్మ చదివింది అయిదో తరగతే. ఎవరి దగ్గర తీసుకున్నది వారి పేరు మీద జమ కట్టాలన్న సంగతి మాత్రం ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. చింతపండు చేబదులు తెచ్చుకుంటే గోడ మీద గీత గీసి పెట్టుకునే మనిషి, పాటకు పెట్టుకోదూ?

ఆ లెక్క ఇప్పుడు తప్పింది. నాకు తెలిసిన ఒకావిడ ఉంది, అరవై దాటాయి. వాళ్ల బంధువుల పెళ్లిలో అప్పగింతల పాట పాడితే ఎవరో సెల్‌ఫోన్‌లో తీశారు. ఆ పాట చేతులు మారి, ఊళ్లు తిరిగి, ఆర్నెల్లకు వాట్సాప్‌లో ఆవిడ ఫోన్‌కే వచ్చింది. పైన ‘ఎవరో పల్లెటూరి బామ్మ, భలే పాడింది’ అని రాసుంది. ‘పోనీలెండి, బాగుందన్నారుగా’ అని నవ్వేసింది గానీ, కాసేపాగి ‘అది మా అత్తగారు కట్టిన పాటమ్మా. ఆవిడ పేరైనా ఉంటే బావుండేది’ అంది. తన పేరు లేదని ఆవిడకు బాధ లేదు. అత్తగారి పేరు పోయిందనే బాధ!

పాత రోజుల్లో రేడియోలో పాట వెయ్యబోయే ముందు చిత్రం పేరు, పాడినవారి పేరు చెప్పేవారు. రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురైగారి తెలుగు విని పెరిగినవాళ్లకు ఆ పేర్లు ఇప్పటికీ నోటికి వస్తాయి. వంటింట్లో పోపు వేస్తూనే లీల ఎవరో, జిక్కి ఎవరో, జమునారాణి ఎవరో గొంతును బట్టి చెప్పేవాళ్లు మన అమ్మలు. ఇప్పుడు ఏ పాట కావాలన్నా క్షణంలో వస్తుంది. కానీ ముప్ఫై సెకన్ల ముక్క చేసి, దాని మీద పువ్వుల బొమ్మ పెట్టి, ‘శుభోదయం’ అని పంపేస్తాం. పువ్వుకు చోటుంది, పేరుకే లేదు.

దీనికి పెద్ద ఉద్యమాలేం అక్కర్లేదు. పాట పంపేటప్పుడు ఒక్క వాక్యం జతచేయండి... ఎవరు పాడారు, ఎవరు రాశారు, ఎవరు బాణీ కట్టారు అని. తెలియకపోతే సినిమా మొదట్లో పడే పేర్లు ఒకసారి ఆపి చూడండి. పిల్లలతో అంత్యాక్షరి ఆడేటప్పుడు గాయని పేరు చెప్తే అదనంగా ఒక మార్కు వెయ్యండి, ఎంత త్వరగా నేర్చుకుంటారో చూస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, మీ ఇంట్లో అమ్మమ్మో నానమ్మో అత్తగారో ఉంటే, ఈ ఆదివారమే వాళ్ల పక్కన కూర్చుని రెండు పాటలు పాడించి రికార్డు చేసుకోండి. పాట మొదలుపెట్టే ముందు వాళ్ల నోటితోనే ‘నా పేరు ఇది, మా ఊరు ఇది, ఈ పాట ఫలానా ఆవిడ దగ్గర నేర్చుకున్నాను’ అని చెప్పించండి. సిగ్గుపడతారు. ‘నా పేరెందుకే, ముసల్దాన్ని’ అంటారు. వదలకండి.

పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్నవాళ్లం, ‘ఫలానావారి భార్య’గా, ‘ఫలానావాడి తల్లి’గా పిలిపించుకున్నవాళ్లం. పేరు లేకపోవడం ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పాలా? మన పేరు కోసం ఎవరో ఎప్పుడో నిలబడతారని చూసే బదులు, మన చేతిలో ఉన్న ఇంకొక ఆడదాని పేరును మనం నిలబెడదాం.

ఇంతకీ మీకు బాగా ఇష్టమైన పాట ఏది? దాన్ని పాడిందెవరు? రెండో ప్రశ్నకు జవాబు వెంటనే రాకపోతే, ఇవాళే కనుక్కోండి మరి!