పాట విన్నాము, బిడ్డ మాట విన్నామా?

విట్నీ హ్యూస్టన్ జీవితం మీద కెవిన్ మెక్‌డొనాల్డ్ 2018లో తీసిన 'విట్నీ' డాక్యుమెంటరీని మన సంఘంలో తల్లిదండ్రులు చూస్తే మంచిదని మా అభిప్రాయం. పాస్టరుగారికి లోకపు పాటలెందుకని కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి. ఆమె పాట నేర్చింది గుడిలోనే. అమెరికాలోని న్యూఆర్క్‌లో, న్యూ హోప్ బాప్టిస్టు సంఘంలో తల్లి సిస్సీ క్వైర్ నడిపేవారు. మత్తుకు బానిసై, 2012 ఫిబ్రవరిలో 48 ఏళ్లకే హోటలు గదిలో చనిపోయింది. సమాధి ఆరాధన మళ్లీ ఆ గుడిలోనే.

లోకంలోకి వెళ్లి పాడైపోయిందని మన ప్రసంగాలు అక్కడితో ఆపేస్తాయి. మాకు ఆ మాట చాలదు. చిన్నతనంలో బంధువుల్లోనే ఒకరు ఆమెను లైంగికంగా హింసించారని దగ్గరివాళ్లు ఆ చిత్రంలో చెప్పారు. అది లోకంలోకి వెళ్లకముందు సంగతి. తామారును తలంచండి. సొంత అన్న అబ్షాలోము ఊరుకోమన్నాడు. దావీదుకు కోపం వచ్చింది, అంతే.

మన కోనసీమలో పిల్లకు గొంతు బాగుంటే అమలాపురం నుండి రాజోలు దాకా ప్రతి కూటానికీ పంపిస్తాము. రాత్రి ఎవరి బండి మీద వచ్చిందో అడగము. తల్లి గల్ఫులో ఉంటే అడిగే మనిషే ఉండదు. బయటపడితే పరువంటారు. బిడ్డ కంటే పరువు ఎక్కువా?

ఈ శనివారం నుండి పాటల ప్రాక్టీసు చీకటి పడకముందే ముగుస్తుంది. పిల్లలను తీసుకెళ్లడానికి ఇంట్లోవారే రావాలి. ఏ బిడ్డయినా మీతో ఏదైనా చెప్పుకుంటే సర్దిచెప్పకండి. ముందు 1098కి ఫోన్ చేయండి, మాకు తర్వాత చెప్పవచ్చు.