పొలములో తోచిన గీత

గొర్రు బాగుచేయించుటకు కొలిమి వద్దకు పోయినప్పుడు మీరేమి చేయుదురు? “పళ్ళు ఇట్లు వంగవలె” నని ములుకర్రతో దుమ్ములో గీచి చూపుదురు. పని ముగియును, గీత చెరిగిపోవును. అది చెరిగిపోరాదని నా వాదము.

అమెరికాలోని ఐడహో రాష్ట్రమున ఫైలో ఫార్న్స్‌వర్త్ అను రైతుబిడ్డ ఉండెను. 1921లో, పదునాలుగేండ్ల ప్రాయమున, పొలము పని చేయుచు వరుసగా సాగిన చాళ్లను చూచెనట. బొమ్మను గూడ ఇట్లే చాలు వెంట చాలుగా విడదీసి, విద్యుత్తుతో దూరమునకు పంపరాదా అని తోచినది. మరుసటి యేట ఆ ఊహను బడిలో నల్లబల్లపై గీచి, జస్టిన్ టోల్మన్ అను ఉపాధ్యాయునికి వివరించెను. కాగితముపై గూడ గీచి ఇచ్చెను. ఆయన నవ్వి పారవేయలేదు, దాచెను. 1927 సెప్టెంబరు 7న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ పద్ధతిని మొదటి బొమ్మ వెళ్ళినది. ఏమి బొమ్మ అనుకొన్నారు? ఒక్క గీత! ఎలక్ట్రానిక్ టెలివిజను అట్లు పుట్టినది.

పిమ్మట ఆర్.సి.ఎ. అను పెద్ద కంపెనీ ఆ హక్కు తమదని పేచీ పెట్టినది. టోల్మన్ ఆ కాగితముతో వచ్చి సాక్ష్యము చెప్పెను. కాగితమొక్కటే గెలిపించినదనను. కంపెనీవారి శాస్త్రజ్ఞుని పాత దరఖాస్తులో ఆ సాధనము స్పష్టముగా లేకపోవుట పెద్ద కారణము. ఏమైనను 1939లో ఆ కంపెనీయే సొమ్మిచ్చి ఫార్న్స్‌వర్త్ వద్ద లైసెన్సు పుచ్చుకొనవలసి వచ్చినది.

మన దేశమున ముందు దరఖాస్తు పెట్టినవానిదే హక్కు. సాగు పద్ధతికి పేటెంటు లేదు. 1970 నాటి చట్టము కాదన్నది. కాని కొత్త పనిముట్టుకు కలదు. అయితే దానిని సంతలోనో ప్రదర్శనలోనో పదిమందికి చూపిన పిదప దరఖాస్తు పెట్టిన, కొత్తదనము పోయినదని త్రోసివేయవచ్చును. మనవారు చేయు పొరపాటు ఇదే. ముందు చూపుదురు, తరువాత విచారింతురు.

గ్రామాధికారులకొక మనవి. రైతు గీత తెచ్చినప్పుడు “పిచ్చిగీత” అనకుడు. దానిని కాగితముపై వేయించి, కొలతలు, తేదీ వ్రాయించుడు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు పేటెంటు కార్యాలయము చెన్నైలో నున్నది. పనిముట్టు పూర్తిగా తయారుకాకున్నను తాత్కాలిక దరఖాస్తు పెట్టవచ్చును. పూర్తి వివరములకు పండ్రెండు నెలల గడువున్నది. ఒక పంట కోసి, మరల విత్తువరకు గొర్రును సరిచూచుకొనుటకు అది చాలును.