కందుకూరు, కందుకూరి

తెలుగువారి ఇంటిపేర్లలో ఊరి పేరు నుండి పుట్టినవి ఎన్నో ఉన్నాయి. వాటి తీరు తెలియడానికి కందుకూరు అనే ఊరు, కందుకూరి అనే ఇంటిపేరు చాలు. ‘ఊరు’ అనే మాట సంబంధాన్ని, అంటే ‘యొక్క’ అనే అర్థాన్ని, తెలిపేటప్పుడు చివరి ఉకారాన్ని విడిచి ‘ఊరి’ అవుతుంది. ఈ ఇకారాన్ని వ్యాకర్తలు ఔపవిభక్తికమన్నారు. కనుక కందుకూరి వీరేశలింగం అన్నప్పుడు ‘కందుకూరుకు చెందిన’ అనే అర్థమంతా ఆ ఒక్క ఇకారంలోనే ఇమిడి ఉంది. 1848లో ఆయన పుట్టింది గోదావరి ఒడ్డున రాజమహేంద్రవరంలో. పూర్వీకులు కందుకూరు విడిచి వలస వచ్చినా ఊరు మాత్రం వారి పేరులో నిలిచిపోయింది. ఊరిలోనే ఉన్నవారిని ఆ ఊరి పేరుతో గుర్తించవలసిన అవసరం ఉండదు, వేరొక చోటికి చేరినవారినే ఇరుగుపొరుగు అలా పిలుస్తారు. అందువల్ల ఇటువంటి ఇంటిపేరును నివాసానికి కాక వలసకు సాక్ష్యంగా చదవడమే సమంజసం.

‘ఊరు’తో ముగియని కొండపల్లి, తాళ్ళపాక వంటి ఊరి పేర్లు మాత్రం ఏ మార్పూ లేకుండానే ఇంటిపేర్లయ్యాయి.

ఒకే ఊరి నుండి వేర్వేరు కులాలవారు కదలివెళ్ళడం వల్ల ఒకే ఇంటిపేరు పలువురిలో కనిపిస్తుంది, అంతమాత్రాన అది బంధుత్వానికి రుజువు కాదు. పైగా కందుకూరు అనే పేరుగల ఊరు దక్షిణ కోస్తాలోనే కాక రంగారెడ్డి జిల్లాలోనూ ఉంది.

వలస జాడను దాచుకున్న ఇలాంటి ఇంటిపేరును పొడి అక్షరానికి కుదిస్తే ఆ జాడ చెరిగిపోతుంది: కందుకూరి, కొండపల్లి రెండూ ‘కె’గానే మిగులుతాయి. పిల్లల బడి పత్రాలలోనైనా ఇంటిపేరును పూర్తిగా రాయించాలని పాఠకులకు మనవి.