సైబరాబాదును చదువవలసిన రెండు శాస్త్రములు

అడవులలోని చెంచులను, గోండులను గూర్చి చెప్పునది మానవశాస్త్రమనియు, నగరములను, కర్మాగారములను గూర్చి చెప్పునది సమాజశాస్త్రమనియు మన విద్యావంతులలో సైతము ఒక స్థిరాభిప్రాయము పాదుకొనియున్నది. నిజాము రాజ్యమున హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు చెంచులను గూర్చి 1943లో గ్రంథము ప్రకటించుటచేతను, ఆదిలాబాదు గోండుల నడుమ దీర్ఘకాలము కృషి సల్పుటచేతను ఆ అభిప్రాయమునకు మన ప్రాంతమున బలము చేకూరెను. పాలకులు పాలితులను చూచిన చూపున పుట్టిన ఈ హద్దు, 1998లో సైబర్ టవర్స్ అను సాఫ్టువేరు సౌధము వెలసిన మాదాపురమున, అనగా సైబరాబాదున, నిలువజాలదని నా దృఢవిశ్వాసము.

ఇందులకు సాక్ష్యము చైనా దేశీయుడగు శియాంగ్ బియావో అను మానవశాస్త్రజ్ఞుని గ్రంథము. ఆయన హైదరాబాదునను, ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమునను మన సాఫ్టువేరు యువకులతో కలసిమెలసి మెలగి, ‘బాడీ షాపింగు’ అను పేర సాగు మనుష్యసరఫరా వ్యాపారపు లోగుట్టును 2007లో గ్రంథరూపమున వెల్లడించెను. కోస్తా పల్లెలలో పొలముపై మిగిలిన సొమ్ము చదువుగాను, చదువు కట్నముగాను, కట్నము విదేశయానమునకు పెట్టుబడిగాను మారు క్రమమును, పని దొరకక ‘బెంచి’పై దినములు లెక్కించు కుఱ్ఱవాని దైన్యమును ఏ ప్రశ్నావళి రాబట్టగలదు? కట్నమెంతయని కాగితము చేతబట్టి అడిగినవానికి నిజము చెప్పు తండ్రి యెవడు?

అట్లని లెక్కను చిన్నచూపు చూడరాదు. వ్యక్తి స్వవిషయముగా తోచు ఆత్మహత్యలో సైతము సంఘప్రభావము కలదని 1897లో దుర్ఖైము అను సమాజశాస్త్రజ్ఞుడు నిరూపించినది గణాంకములతోనే. ఒక హాస్టలులో ఏడాది వసించిన పరిశోధకుడు ఆ హాస్టలును క్షుణ్ణముగా ఎఱుగును గాని, గచ్చిబౌలి నుండి కొండాపురము వఱకు కొలువులందున్నవారిలో ఏ కులమువారెందఱు, ఏ జిల్లావారెందఱు, ప్రసవానంతరము ఉద్యోగము వీడిన స్త్రీలెందఱు అనినచో ఆతనియొద్ద ఉత్తరముండదు.

కలసి మెలగి చూచుట, లెక్కించి చూచుట అను రెండు చూపులును కలిసిన పని మన నగరపు పొలిమేరలోనే జరిగియున్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధించిన శ్యామాచరణ దూబే, వివిధ విద్యాశాఖలవారితో కూడి శామీర్‌పేట గ్రామమును పరిశీలించి, 1955లో ‘ఇండియన్ విలేజ్’ అను గ్రంథమును వెలువరించెను. జనుల ఆర్థికస్థితిగతులును, వారి పండుగలు, పెండ్లిండ్లు, కులకట్టుబాట్లును అందు ఏకత్ర కానవచ్చును.

గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఈ రెండు శాఖలును కలవు. సాఫ్టువేరు సంస్థల సౌధములు వారి ముంగిటనే లేచినవి. ఆనాడు శామీర్‌పేటకు దక్కిన శ్రద్ధ నేడు ఈ నగరభాగమునకును దక్కునట్లు ఆచార్యులు పూనుకొనవలెను. ఆ పరిశీలనము ఇంజనీర్లతో ఆగరాదు; రాత్రివేళ గేటుకడ నిలుచు కావలివారు, క్యాబు డ్రైవర్లు, ఈ మేడలను కట్టిన వలసకూలీలు సైతము అందు చేరవలెను. అందులకగు వ్యయమును ఇచ్చటి సంస్థలే భరించుట న్యాయము.