ఖుబానీ రంగు గులాబీ

గులాబీకి వాసన ఉండాలనడం ఈ రోజుల్లో గొంతెమ్మ కోరిక అయిపోయింది. మా కరీంనగరంలో ఏ పెళ్ళిపందిరికి వెళ్ళినా ద్వారం నిండా గులాబీలే. దగ్గరికి వెళ్ళి వాసన చూడండి, కాగితప్పూలే నయమనిపిస్తుంది. పన్నీరు చల్లే గులాబుదానుల్ని వెండితీగతో అల్లడంలో పేరుమోసిన ఊరికి ఈ గతి పట్టిందేమిటి?

మా ఆవిడ కోరిక ఇంకా పెద్దది. పువ్వు ఖుబానీ రంగులో ఉండాలట, ఘుమఘుమలాడాలట, మొక్క గుబురుగా పెరగాలట. ఖుబానీ అంటే విందుల్లో మిఠాయిగా తినే ఎండు పండు కాదు. పసుపులో కాస్త గులాబీవన్నె కలిసిన పచ్చి పండు. తెలుగులో జల్దారు పండు అన్నా అదే.

ఈ రంగు చీనా దేశపు సొత్తు. యూరపు వారి పాత సువాసన గులాబీలు చాలావరకు ఎరుపు, తెలుపు, లేదా ఆ మధ్య రంగులు. 1824లో టీ వాసన గల పసుపు గులాబీ చీనా నుంచి ఇంగ్లండు చేరింది. ఆ టీ గులాబీల వంశంలోనివే 1839 నాటి సాఫ్రానో, 1910 నాటి లేడీ హిల్లింగ్డన్. తరువాత డేవిడ్ ఆస్టిన్ (1926-2018) అనే ఇంగ్లీషాయన పాతవాటి పరిమళాన్నీ కొత్తవాటి రంగుల్నీ ఒకే పొదలో కలిపాడు. 1985లో ఆయన ఇచ్చిన అబ్రహాం డార్బీ అచ్చం మా ఆవిడ అడిగినదే. పండ్ల వాసన కూడా వేస్తుంది. క్యారెట్టుకు రంగునిచ్చే జాతి పదార్థమే ఈ రేకుల్లో పసుపు. అలాంటి పదార్థం విరిగినప్పుడు పరిమళ ద్రవ్యాలూ పుడతాయి.

అయితే చల్లని దేశపు బిడ్డ మన వైశాఖాన్ని తట్టుకోవద్దూ? నలభై అయిదు డిగ్రీల ఎండలో మొగ్గ విచ్చిన కాసేపటికే రంగు వెలిసిపోతుంది, వాసన ఆవిరై పోతుంది. ఈ బాధకు మందు వెతికినవారు మనకూ ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఐ.ఎ.ఎస్. అధికారిగా పనిచేసిన వీరరాఘవన్ గారు ఉద్యోగం వదిలి, కొడైకెనాల్‌లో వేడి దేశాలకు తగిన గులాబీల సృష్టికి పూనుకున్నారు. మణిపురపు అడవి గులాబీ జైగాంటియానూ, మన దేశపు నీటి ఒడ్డుల్లో పెరిగే క్లైనోఫిల్లానూ ఆ పనికి వాడారు. టీ గులాబీల్లో ఆ జైగాంటియా నెత్తురు ఉంది. అవి వేడికి అంత బెదరవు. కనుక బొమ్మ చూసి మురిసి సీమ మొక్కకు డబ్బు పోసేముందు టీ జాతి దొరుకుతుందేమో అడగండి.

ఏది నాటినా పొద్దుటి ఎండ తగలాలి, మధ్యాహ్నం నీడ పడాలి. చెలక నేలలో చిక్కులేదు. రేగడిలో నీరు నిలుస్తుంది గనుక మట్టి ఎత్తు చేయాలి. అంటుకు దిగువన మొలిచే కొమ్మల్ని జాలిపడక తీసేయండి, అవి అడవివి. కత్తిరింపు దసరా వెళ్ళాకే. ఆదిలాబాదు వారి అదృష్టం చెప్పనక్కర్లేదు. పుష్యమాసపు చలిలో అక్కడ రంగు చిక్కబడుతుంది.

మా అమ్మకు చూపు బాగా మందగించింది. రంగు గొడవ ఆమెకు లేదు. దీపావళికి నాటిన మొక్క తూర్పు కిటికీ కింద ఉంది, ఆమె మంచం కూడా అక్కడికే జరిపాం. సంక్రాంతి నాడు పొద్దున్నే, ఎవరూ చెప్పకుండానే, "పువ్వు పూసిందిరా" అంది. ఇప్పుడు దానికి గోనెపట్టా పందిరి వేశాను. రోహిణీకార్తె ఇంకా రావాలి.