సీటు మనది – తాళంచెవి ఎవరిది?

ఒకప్పుడు కాలేజీ దరఖాస్తంటే గెజిటెడ్ అధికారి ఆకుపచ్చ సిరా సంతకం కోసం నాలుగు రోజులు తిరగడం. తిప్పలైతే తిప్పలే గాని, ఆ సంతకానికో అర్థముండేది. “ఈ కాగితం నిజమైనదే, నేను చూశాను” అని ఒక మనిషి పూచీ పడేవాడు. నేడు ఆ స్థానంలో ఆరంకెలు వచ్చి కూర్చున్నాయి. దరఖాస్తు నుంచి స్కాలర్‌షిప్ వరకు ఓ.టి.పి. లేనిదే తలుపు తెరుచుకోదు. మరి ఈ ఆరంకెలు ఎవరికి పూచీ పడుతున్నాయి? ఈ ప్రశ్న మనం అడగవలసిన సమయం వచ్చిందని నా అభిప్రాయం.

ముందే ఒక మాట. ఓ.టి.పి.కి నేను వ్యతిరేకిని కాను. ఒకసారి వాడిన పాస్‌వర్డ్ మళ్లీ పనికిరాకూడదన్న ఆలోచన కొత్తదేమీ కాదు. లెస్లీ లాంపోర్ట్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1981లోనే అందుకు ఒక మార్గం చూపించాడు. ఇంటర్నెట్‌లో కార్డుతో చేసే చెల్లింపులకు రెండో తనిఖీ ఉండాలని మన రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుంచి నిబంధన పెట్టింది. ఆ తర్వాత ఈ పద్ధతి క్రమంగా ఇంటింటి మాట అయింది. ఆరంకెలతో పది లక్షల సంఖ్యలు ఏర్పడతాయి, గడువేమో కొద్ది నిమిషాలే. ఊహించి కొట్టడం కష్టం. హాల్‌టికెట్ నంబరూ, పుట్టినతేదీ తెలిసినవాడల్లా పక్కవాడి ఆప్షన్లు మార్చెయ్యకుండా ఇదొక అడ్డు. మంచిదే!

అయితే ఓ.టి.పి. రుజువు చేసేదేమిటి? ఫలానా నంబరు గల ఫోను ఈ నిమిషాన ఎవరో ఒకరి చేతిలో ఉందని. అంతే! ఆ చెయ్యి విద్యార్థిదేనని కాదు. మనిషికో ఫోను ఉంటుందనే నమ్మకం మీద ఈ మేడ కట్టారు. మన ఇళ్లు అట్లా ఉన్నాయా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో తాము వాడుకునే మొబైల్ ఫోను ఉన్నవారు నూటికి 54 మందే. ఆ తర్వాత ఫోన్లు పెరిగే ఉంటాయి, కాదనను. కాని ఇంట్లో ఫోను ఉండటం వేరు, అది చదువుకునే పిల్ల చేతిలో ఉండటం వేరు.

అడ్మిషన్ల రోజుల్లో బస్టాండు పక్క ఇంటర్నెట్ సెంటర్ దగ్గర ఒక గంట నిలబడి చూడండి. ఫోను లేనివాడు, ఉన్నా రీఛార్జి అయిపోయినవాడు “నీ నంబరే కొట్టన్నా” అంటాడు. సెంటర్ ఆయన మంచితనంతోనే కొడతాడు. కిందటేడు మా హాస్టల్లో ఒక జూనియర్ విషయంలో జరిగిందిదే. స్కాలర్‌షిప్ ఫారంలో ఒక తప్పు దిద్దాలి. ఓ.టి.పి. పోయేది సెంటర్ ఆయనకు. ఆయన ఊళ్లో లేడు, ఫోను కలవలేదు. అర్ధరాత్రితో గడువు ముగిసింది. ఆ ఏడు ఫీజు వాళ్ల నాన్న అప్పు తెచ్చి కట్టాడు. ఆ పిల్లవాడి చదువులో లోపమేమైనా ఉందా?

పోనీ, సొంత నంబరుంటే చాలా? రీఛార్జి లేక మూలబడ్డ సిమ్ రద్దవుతుంది. రద్దయిన నంబరును కనీసం 90 రోజులు ఆగాక మరొకరికి ఇవ్వవచ్చు. ఈ సంగతి ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకే చెప్పింది. మన చదువు మూడేళ్లు, నంబరు ఆయుష్షు మాత్రం రీఛార్జి ఉన్నంత వరకే!

ఇంతకన్నా పెద్ద నష్టం మరొకటుంది. “ఎవరికీ చెప్పవద్దు” అని ఆ మెసేజిలోనే రాసి ఉంటుంది. కాని ఇంట్లోవాళ్లకు మనం నేర్పుతున్నదేమిటి? “నాన్నా, ఏదో నంబరొచ్చింది, చదువు!” పొలం గట్టు మీద నిలబడి ఆయన చదువుతాడు. రేపు బ్యాంకు పేరు చెప్పి ఎవడో అడిగినా అట్లాగే చదువుతాడు. డబ్బు పోయాక 1930కి ఫోను చేయవచ్చు, నిజమే. కాని అడిగినవాడికల్లా తాళంచెవి ఇచ్చే అలవాటు చేసింది ఈ ఫారాలే గదా!

“సొంత నంబరు ఇవ్వకపోవడం వాళ్ల తప్పు” అనే మిత్రులున్నారు. లేని నంబరు ఎక్కణ్ణుంచి తెచ్చిస్తారు? తెలంగాణలో 2016 నుంచి దోస్త్ ద్వారా డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. దానికీ హెల్ప్‌లైన్ కేంద్రాలు పెట్టవలసి వచ్చింది. అంటే, యంత్రం పక్కన ఒక మనిషి ఉండాలని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. ఆ సూత్రాన్నే చివరిదాకా తీసుకుపొమ్మంటున్నాను.

నేను కోరేవి మూడే. ఒకటి, ప్రతి ఫారంలో ఫోను నంబరుతో పాటు ఈ-మెయిలుకో, రెండో నంబరుకో ఓ.టి.పి. తెప్పించుకునే వీలుండాలి. రెండు, నంబరు పోయిన విద్యార్థి తన సర్టిఫికెట్లతో స్వయంగా వస్తే, మనిషిని చూసి నంబరు మార్చే అధికారం కాలేజీకి ఉండాలి. మార్చినట్టు పాత నంబరుకూ కబురు పోవాలి. మూడు, ఓ.టి.పి. రాలేదన్న కారణంతో గడువు దాటిన వారికి కనీసం రెండు రోజుల అవకాశం ఇవ్వాలి.

మొదటి రెండూ పైవారు చేయవలసినవి, మూడోదీ అంతే. మరి మనం? వచ్చే అడ్మిషన్లకు మన గేటు దగ్గర ఒక బల్ల, నాలుగు కుర్చీలు వేద్దాం. ఏ నంబరిచ్చారో కొత్తవాళ్ల చేత కాగితం మీద రాయించి వాళ్ల దగ్గరే పెట్టుకోమందాం. ఓ.టి.పి.ని మాత్రం వాళ్లనే కొట్టనిద్దాం, మనకు చెప్పినా విననక్కర్లేదు. అధ్యాపకులు రోజుకొకరు వచ్చి కూర్చుంటే, పూర్వ విద్యార్థులు ఓ పూట తోడుంటే పని నిలబడుతుంది. మార్కులు తెచ్చుకుని సంపాదించిన సీటు ఆరంకెల కోసం పోగూడదు. విద్యార్థి సంఘం ఉన్నదెందుకు మరి?